యూరప్ లాడ్జి, సిరొంచ

బోర్డు నాగపూర్ పాతసామాన్ల బజారులో కొన్నదట.
మూతబడ్డ పెద్ద హోటలుది. దళసరి రేకు, ఉబ్బెత్తు అక్షరాలు,
చెరిపి కొత్త పేరు రాయిస్తే ఖర్చని
అట్లనే ఎత్తి తగిలించిండ్రు.
అందుకే మే నెల నడుమ, ప్రాణహిత ఒడ్డున,
నేను యూరప్‌ల దిగిన.

ఇక్కడ ఏసీ లేదు.
కూలర్ ఒకటుంది గని, దాంట్ల రాజుబాయి ఉల్లిగడ్డలు పోసింది.
ఫ్యానుంది. అది హమాలీ,
స్లాబు మీది వేడిని మోసుకొచ్చి
నా రొమ్ము మీద దించుతది.

కాంటాలు బాగుచేసేటోన్ని నేను.
ముద్రలేసే సారు రాకముందే వచ్చి
రేషన్ దుకాణాల ముల్లు సున్నా మీద నిలబెట్టి పోత.
ఏ ఊరికి పోయినా చేతిసంచిల తూకంరాళ్లు,
చొక్కా జేబుల ఎండదెబ్బకు ఓ ఉల్లిగడ్డ.

రాజుబాయి తాళంచెవి ఇచ్చే ముందు
పాఠం చెప్పింది:
పొద్దున ఏడు గాకముందే కిటికీలు మూసెయ్యి,
రాత్రి దాచిన చీకటి చల్లగుంటది, బయటికి పోనియ్యకు.
గోనెపట్టా ముంచి తలుపుకు కట్టు. పిండకు. కారనియ్యి.
బండల మీద రెండు చెంబులు చల్లు.
నీళ్లు నెత్తి మీద గాదు, పాదాల మీద పోసుకో.
దుప్పటి తడుపుకొని పండు,
సిగ్గేంది, తాసీల్దారు గూడ గట్లనే పండిండు.
మరాఠీల మొదలువెట్టి, గోండిల నవ్వి,
తెలుగుల బెదిరించింది:
మోటరేస్తే రెండే బకెట్లు, మూడోది అడిగినవో!

అన్నీ చేసిన.
గోనెపట్టా అరగంటల అప్పడమైంది.
తడిదుప్పటి ఒంటిమీదనే ఇస్త్రీ అయింది.
పదిన్నరకు కరెంటు పోతే
ఫ్యాను ఆగిన చప్పుడు
ఎవరో పక్కమీంచి లేచిపోయినట్టు వినిపించింది.

మేడ మీదికి ఒక్కొక్కరమే ఎక్కినం.
తునికాకు కల్లం గుమాస్తా,
నిద్దట్ల గూడ కట్టలు లెక్కవెడుతున్నడు, అరవై ఎనిమిది, అరవై తొమ్మిది...
ట్రైనింగుకొచ్చిన తలండి మాస్తరు
బకెట్ల కాళ్లు వెట్టుకొని కూసున్నడు, గంభీరంగ,
బడి తనిఖీకి వచ్చినోని తీరు.
మాటల్లేవు. నీళ్ల చెంబు చేతులు మారింది.
అర్ధరాత్రి దాటినంక
అర్జునగుట్ట దిక్కునుంచి ఒకటే ఒక్క గాలి వచ్చింది,
తడి ఇసుక వాసనతోని.
ముగ్గురం ఒకేసారి అంగీ గుండీలు విప్పినం.
గుమాస్తా లెక్క తప్పిండు.

పొద్దున చీటీ రాసిచ్చింది రాజుబాయి.
ఖోలీ, రెండు వందల యాభై.
బకెట్లు రెండు, పది.
గాలి, ఇరవై.
గాలికి పైసలేందమ్మా అన్న.
మేడ మీద పండలేదా?
తూకం తక్కువొచ్చిందా చెప్పు,
కాంటాల సారువు నువ్వే గద.

ఇచ్చిన.
పైసలు కొంగున ముడేసుకుంట, ఆగు అంది.
మెట్లకింద రేకుల అర, అది ఆమె ఉండే జాగా.
వంగి లోపలికి పోతే నా అద్దాలకు ఆవిరి పట్టింది.
రాత్రంతా ఈడనే పండినవా అంటే
తాళంచెవులు ఎవరు చూడాలె అంది.

అక్కడో పాత కాంటా. చెన్నూరు నుంచి వచ్చే ఐసుగడ్డ
రంపపుపొట్టు దులిపి కిలోల లెక్కన అమ్ముతదట.
దీనికి పిచ్చి లేసింది సారూ, ముల్లు నిలుస్తలేదు.
స్ప్రింగు చూసిన. మర చూసిన.
నా రాయి వెడితే రెండు కిలోలు, అంగుళం కదల్లేదు.
ఆమె గడ్డ వెట్టింది.
రెండు మీద ఆగింది ముల్లు,
తట్టకున్న చిల్లుల్లోంచి చుక్క, చుక్క,
ఇంకో చుక్క,
మెల్లగ సున్నా దిక్కు నడుస్తున్నది.

కాంటా మంచిగనే ఉందమ్మా అన్న.
నమ్మలే.
ఇద్దరం ఆడనే కూసున్నం,
కింద కారే నీళ్లల్ల
చెరొక పాదం వెట్టుకొని.