స్వీకరించడమైనది

మా కోబాన్ వైపు తుంపరకి ఒక పేరుంది, చిపి-చిపి.
గట్టిగా కురవదు, పూర్తిగా వెలవదు.
చొక్కా తడిసిందని తెలిసేసరికి
ఒళ్లంతా తడిసిపోయి ఉంటుంది.
మా దగ్గరికి భయమూ అలాగే వస్తుంది.

మాది ఒకటే గది.
తలుపు మీద ‘హక్కుల పరిరక్షణ కార్యాలయం’,
అందులో సగం అక్షరాలు రాలిపోయాయి.
కింద యాలకులు ఆరబెట్టే బట్టీ.
పొగా పరిమళమూ కలిసి మెట్లెక్కి వచ్చి
దస్త్రాల్లో కూర్చుంటాయి.
రాజధానిలో మా కాగితాలు విప్పినవాళ్లు
చదవడానికి ముందు వాసన చూస్తారట.

నేను దుభాషిని.
కెక్చిలో చెప్పిన గోడు స్పానిష్‌లో రాస్తాను,
స్పానిష్‌లో వచ్చిన జవాబు కెక్చిలో చెబుతాను.
జవాబులు తక్కువ కాబట్టి
రెండో పని తేలిక.

ఎలెయుతేరియో చోక్ ఆరు గంటలు నడిచి వచ్చాడు.
బూట్లు గుమ్మం బయటే విడిచాడు
"మట్టవుతుంది" అంటూ,
అప్పటికే మట్టైన గదిని చూసి.
నదిని గొట్టంలోకి మళ్లించారని
ఊరి సభలో లేచి అడిగింది ఇతనే.
ఆ మర్నాటి నుంచీ
నంబరు లేని బండి ఒకటి
మొక్కజొన్న చేను పక్కన ఆగుతోంది.
ఎవరూ దిగరు. ఇంజను ఆపరు.
చిన్న కూతురు ఆ చప్పుడుని
నోటితో చేయడం నేర్చుకుందట.

ఫారంలో ‘బెదిరింపు స్వభావం’ అన్నచోట
ఒక్కటే గీత.
పాప నోటి చప్పుడు దాని మీద ఎలా పడుతుంది?
అంచుల్లోకి రాశాను. వెనక్కి తిప్పి రాశాను.

ముద్ర వేయబోతే సిరా ఎండిపోయి ఉంది.
ఏడు నెలలుగా మాకు డబ్బు రాలేదు,
దీపాలు వెలిగి మూడు నెలలు.
కిటికీలోంచి చెయ్యి చాపి
నాలుగు చుక్కల చిపి-చిపి పట్టి మెత్త మీద రుద్దాను.
పాలిపోయిన ఊదాలో అచ్చు పడింది:
స్వీకరించడమైనది. తేదీ. 412.

రసీదుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి
టోపీ లోపల దోపుకున్నాడు.
"ఇది తూటాని ఆపుతుందా?"
వెటకారం కాదు, ధర అడిగినట్టు అడిగాడు.
ఆపదన్నాను.
అబద్ధం చెప్పడానికి నాకు రెండు భాషలున్నాయి,
రెండింట్లోనూ నోరు రాలేదు.
"మరి?"
"నువ్వున్నావని ఒకచోట రాసి ఉంటుంది.
నువ్వు లేకపోతే, ఎందుకు లేవని
అడగడానికి ఎవరికో ఒక దారి ఉంటుంది.
అడిగేవాళ్లున్నారని
ఆ బండిలో వాళ్లకి తెలుస్తుంది."
కాసేపు ఆలోచించి
టోపీ పెట్టుకున్నాడు.

వానాకాలం చివర్లో ఉత్తర్వు వచ్చింది.
‘పొదుపు నిమిత్తం ఈ శాఖ మూసివేయడమైనది.’
మా ముద్రకీ దీనికీ ఒకటే వ్యాకరణం,
చేసిందెవరో వాక్యంలో ఉండదు.

దస్త్రాలు పెట్టెల్లో సర్దుతుంటే
మెట్ల మీద బూట్లు విడుస్తున్న చప్పుడు.
ఒక జత కాదు.
చోక్, అతని వెనక హెర్మెలిందా కాల్,
కింది బట్టీలోంచి డొమింగా, మసి చేతులతోనే,
పేరు తెలియని ఇద్దరు కుర్రాళ్లు.
ఎవరో కొవ్వొత్తులు తెచ్చారు.
ఎవరో సిరా సీసా.
ఫిర్యాదు ఇవ్వాలన్నాడు చోక్.
"ఆఫీసు మూసేశారు."
"అందుకే."

బాధితుల పేరు?
అతను గదంతా చూశాడు:
కుంటి బల్లని, చెమ్మకి ఉబ్బిన కిటికీని,
చివరికి నన్ను.
"ఇదంతా రాయి."
నివాసం?
"యాలకుల బట్టీ పైన."
బెదిరింపు స్వభావం?
అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

అంచుల్లోకి రాశాను. వెనక్కి తిప్పి రాశాను.
ఇంకో కాగితం తీసుకున్నాను.
పద్దెనిమిదేళ్లు ఇతరుల మాటలు మోసిన దాన్ని,
అడుగున, సాక్షి అన్నచోట,
మొదటిసారి నా పేరు పెట్టాను: ఔరేలియా తియుల్.

కొత్త సిరా, ముద్ర గట్టిగా పడింది,
నా బొటనవేలికీ అంటింది.
రసీదు ఎవరి టోపీలో ఉండాలన్న దాని మీద
చాలాసేపు వాదన జరిగింది.