ఓపినంత

మాసాబ్ ట్యాంకులో నీళ్లుండవు.
బస్సులుంటాయి, ఫ్లైఓవరు నీడ ఉంటుంది,
నీడలో ఒక జిరాక్సు దుకాణం,
దాని పక్క మెట్లెక్కితే మా ఆఫీసు.
చేపల గురించిన కాగితాలన్నీ
ఎండిపోయిన చెరువు చిరునామాకే వస్తాయి.

నాకు పేజీకి నూట ఎనభై.
ఈసారి వచ్చింది యూరప్ నుంచి:
నలభై ఆరు పేజీలు, నీలం అట్ట,
అట్ట మీద చలిదేశపు సముద్రంలో
గుండ్రని వలపంజరాలు, గాజులు ఆరబెట్టినట్టు.
విషయం: చేపల పెంపకాన్ని ప్రోత్సహించడం,
నీళ్లను చంపకుండా.

మంచి మాటలే ఉన్నాయి అందులో.
ఒక పాయలో పంజరాలెన్ని ఉండాలో
ముందు ఆ పాయను కొలిచి చెప్పాలట.
ఎక్కడివో చిరుచేపల్ని మరలో నూరి
ఇక్కడి చేపలకు మేతగా వేస్తే
దాన్ని సముద్రానికి అప్పుగా రాసుకోవాలట.
లైసెన్సు ఇచ్చే కిటికీ ఒక్కటే ఉండాలట.
అక్కడ ఆగి చాయ్ తాగొచ్చాను.
మా దగ్గర కిటికీలు ఏడు. రెండు తెరుచుకోవు.

పదిహేనో పేజీలో ఇరుక్కున్నాను.
నీరు ఎంత ప్రాణాన్ని మోయగలదో చెప్పే మాట.
నిఘంటువు 'వహన సామర్థ్యం' అంది.
లారీ వెనక రాసినట్టుంది.
చెరువుకి చక్రాలు లేవు కదా అనుకుంటూ
ఆదివారం రాంనగర్ మార్కెట్‌కి పోయాను.

మృగశిర కార్తెకి ఇంకా రెండు రోజులు.
ఐసు కరిగి చెప్పుల్లోకి వస్తోంది.
బొచ్చెలు, రవ్వలు,
ఒక టబ్బులో బతికున్న కొర్రమట్టలు, మూత మీద బండరాయి.
మల్కవ్వ కత్తిపీట ముందు కూర్చుని
ఎవరి మొహమూ చూడకుండా పొలుసు తీస్తోంది.
జిల్లెలకుంట సొసైటీలో ఆమె పేరు లేదు, మొగుడి పేరుంది.
మొగుడు పోయి నాలుగేళ్లు.

అడిగాను. చెయ్యి ఆపలేదు.
"సర్కారోళ్లు లారీల పిల్లల్ని తెస్తరు, బిడ్డా.
గిన్నెతోని లెక్క. ముప్పై వేలంటరు, సంతకం జెయ్యమంటరు.
వేలెడు గూడ ఉండయ్. పోస్తరు, ఫొటో దిగుతరు.
వారం తిరిగేటాల్లకు ఒడ్డంత తెల్లగ తేల్తయ్.
ఎంత ఓపుతదో చెర్వును అడగొద్దా?
కడుపుతోని ఉన్నదాన్నైనా అడుగుతరు గద
ఇంకో ముద్ద వెట్టాల్నా అని.
ఓపినంతనే ఎయ్యాలె."

ఓపినంత.
ఆ మాటని తడి కవర్లో, అరకిలో రవ్వతో పాటు
ఇంటికి తెచ్చుకున్నాను.

సూపరింటెండెంట్ విఠలేశ్వర్ గారు మంచివారు.
ఎర్ర సిరాతో కొట్టేసి, నొచ్చుకుంటూ అన్నారు:
"పాలనాభాష కాదయ్యా ఇది.
చెరువుకి ఓపిక అని రాస్తే పైవాళ్లు నవ్వుతారు."
పదకొండు చోట్ల వహన సామర్థ్యమే అచ్చయింది.

అనుబంధాలు ఎవరూ చదవరు.
నాలుగో అనుబంధం, దరఖాస్తు నమూనా,
తొమ్మిదో గడి మీద మాత్రం
నా వాక్యం ఎర్ర సిరాకి దొరకలేదు:
మీ చెరువు ఎన్ని పిల్లల్ని ఓపగలదు?

వానలు పడ్డాక దరఖాస్తులు మొదలయ్యాయి.
చాలావాటిలో తొమ్మిదో గడి ఖాళీ.
కొన్నింట్లో 'తమరి దయ' అని ఉంది.
ఒకాయన ఫోన్ నంబరు రాశాడు.

జిల్లెలకుంటది ఆలస్యంగా వచ్చింది,
మడతలో ఎండిన పొలుసొకటి అంటుకుని.
సంతకం దగ్గర మొగుడి పేరు కొట్టేసి
ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో: మల్కవ్వ.
తొమ్మిదో గడి ఎవరో బడిపిల్ల చేత రాయించినట్టుంది, పెన్సిలు.

"ఎనిమిది వేలు.
మందుల కంపెనీ మోరి బంద్ జేస్తే పన్నెండు."

నీలం అట్టవాళ్లు నమూనాకి కొన్ని జవాబులు పంపమన్నారు.
దీన్నిప్పుడు ఇంగ్లిషులోకి మార్చాలి.
అంకెలు సులువే.
మోరి దగ్గర ఆగాను.