సేకరణ

గడియారం స్తంభం కాడి నుంచి రెండు సందులు తిరిగితే
నా దుకాణం.
ఇప్పుడు ఫోన్లకు గ్లాసులు అతికిస్త.
అప్పుడు గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టి
దాన్నే స్టూడియో అనేటోణ్ని.

ఏర్పుల అంజిలమ్మ వచ్చిన్నాడు కరెంటు లేదు.
మర్రిగూడ బస్సు దిగి, కొంగు నడుముకు చెక్కుకొని
"ఇరవై రెండున్నయ్, ఏది గావాలె?" అన్నది
గంపల వంకాయలు జూపిచ్చినట్టు.
రాసుకొచ్చినవా అంటే
తలకాయ మీద ఏలు పెట్టి సూపింది.

జనరేటర్ వచ్చేదాక
మెట్ల మీద కూసోని మోకాళ్ళు రుద్దుకుంట
"మా నీళ్ళు" అన్నది.
ఇంకేం అనలే.

ఫోటో దియ్యాలె నవ్వమంటే
మూతి మూసుకొనే నవ్వింది.
పండ్ల నిండ గోధుమరంగు గీతలు,
బోరింగు నీళ్ళు గీసినయ్.
"పాటకు పండ్లు గనవడయ్ బిడ్డా, ఫోటోకు గనవడ్తయ్."
నేనామె కంటె రెండేండ్లు పెద్దోణ్ని.
అయినా బిడ్డనే అన్నది.

ఒక్క టేకు.
నాటేసే ఆడోళ్ళు మడమ వెనక్కేస్తరు సూడు,
గా లెక్కన పాట వెనక్కు నడుచుకుంట వచ్చింది.
మూడో చరణంల సందుల కుక్క మొరిగింది.
మళ్ళ పాడమన్న.
"దానికి నచ్చలేదేమో, ఉండనీ" అన్నది.
ఉంచిన.

ట్రాక్టర్లల్ల, ఆటోలల్ల, పెండ్లి బరాత్‌లల్ల
ఆ ఎండకాలమంత అదే పాట.
బొంబాయి పోయే పాలమూరు బస్సుల
డ్రైవర్ రెండు క్యాసెట్లు కొన్నడు,
ఒకటి అరుగుతదని.
ఆమెకు పన్నెండు నూర్లిచ్చిన. ఒక చీర.
చీర మా ఇంటామె ఏరింది, రంగు మంచిదే.

కవరు మీద రచన అని ఒక గడి ఉంటది.
పేరు రాస్తే రేపు లెక్కలడుగుతరని
ఎవరో జెప్పిండ్రు.
ఎవరో గాదు.
నాకు నేనే జెప్పుకున్న.
ఆ గడిల రాయించిన: జానపదం, సేకరణ.
సేకరణ కింద నా పేరు.

సభల దినాలల్ల దేవరకొండల, అచ్చంపేటల
కుర్చీ ఏసి కూసోబెట్టేటోళ్ళు, కాళ్ళు వంగకపోయేది.
మైకుల ఒకాయన "తాతముత్తాతల పాట" అన్నడు.
అంజిలమ్మ వెనక్కు తిరిగి సూసింది,
ఏ తాత వచ్చిండో అని.

మొన్న మొన్న ఎవరో పిల్లగాడు
దానికి డీజే కొట్టిండు, లంగావోణీ పిల్ల ఆడింది,
నాలుగు కోట్ల మంది సూసిండ్రంట.
గొంతు మార్చిండ్రు, దరువు మార్చిండ్రు.
కుక్కను మాత్రం తియ్యలే.
గది గూడ వాయిద్యమనుకున్నరేమో.

పోయిన మంగళారం కర్ర పట్టుకొని వచ్చింది.
కళాకారుల పింఛనంట, రుజువు గావాల్నంట.
ఆఫీసుల సారు పాట విన్నడు, తల ఊపిండు,
"ఇది మూడు నూర్ల ఏండ్ల పాటమ్మా" అన్నడంట.
"మూడో చరణంల నూట డెబ్బై అడుగుల బోరింగున్నది సారూ,
మూడు నూర్ల ఏండ్ల కింద ఎవడేసిండు?"
సారు చాయ్ తాగనీకె లేసి పోయిండు.

అటక మీంచి పాత కవరు దించిన.
పురుగు తిన్నది ఒక మూల,
నా పేరు దిక్కు తినలే.
పెన్ను తీసి కొట్టేసి
ఏర్పుల అంజిలమ్మ అని రాసిన.
చెయ్యి వణికింది, చెప్పొద్దా.

ఆమె కవరు కండ్లకు దగ్గర పెట్టుకొని
పేరు మధ్యల ఏలు పెట్టింది.
"ఇది సున్నగదా?"
సున్నానే, అది లేకుంటే నీ పేరు పలకదన్న.
"అట్లనా" అని
ఇంతసేపు సున్నను తడుముకుంట కూసున్నది.

నేను క్షమించుమనాలె.
గ్లాసు ఎంత బిడ్డా అని అప్పుడే ఎవరో ముసలాయన వచ్చిండు.
నూటయాభై అన్న.

పోయేటప్పుడు గడప కాడ ఆగింది.
"ఆ మొరిగిందాని పేరు గూడ రాయరాదు?"
పండ్లు గనవడేటట్టు నవ్వుకుంట అన్నది.

చాయ్ హోటలు కుక్క అది, నల్లది,
ఇరవై ఏండ్లాయె సచ్చి.
పేరు నాకు యాదిల లేదు.
ఆమెకున్నది.