వాడినది

సాల్మియాలో అద్దాల కొట్టు.
కొత్త గిటార్లు మెడలు పట్టి వేలాడుతున్నాయి:
నీలం, నలుపు, ముదురుపాకం రంగు.
ఒకదాని మీద పలచటి ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు.
తొంభై అయిదు దినార్లు.
సేల్స్ కుర్రాడు నా జేబు మీద కుట్టిన కంపెనీ పేరు చదివి
"చూడ్డానికేనా?" అన్నాడు హిందీలో.
చూడ్డానికే.
చూస్తూ చూస్తూ పైనున్న ఏసీని గుర్తుపట్టాను.
పోయిన ఆగస్టులో దాని కంప్రెసర్ మార్చింది నేనే.

అబ్బాసియాలో మా గది. ఆరు మంచాలు.
ఏ వేళప్పుడైనా ఇద్దరు నిద్రలో ఉంటారు.
నైట్ డ్యూటీ వాళ్ళ నిద్ర
ఉతికి ఉతికి పలచబడ్డ దుప్పటి, చప్పుడు తగిలితే చిరుగుతుంది.
మామూలు గిటారుకి కడుపునిండా గాలి,
ఒక్కసారి మీటితే గదంతా లేచి కూర్చుంటుంది.
ఎలక్ట్రిక్ దానికి కడుపే లేదు.
వైరు తగిలించకపోతే
దవడ ఆనించి వాయించేవాడికి, వాడి ఎముకకి, అంతే.
అందుకే ఇది కావాలి. సోకుకి కాదు.

"కొత్తొక వింత, పాతొక రోత" అన్నాడు ఓబులేసు.
"కొంటే కొత్తది కొను. ఎవడి చెమటో నీకెందుకబ్బా?"
అన్నవాడి ఒంటి మీద కోటు
శుక్రవారం సంతలో ముక్కాలు దినారుకి కొన్నది.

మహబూలా, నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు.
రోడెల్ ఫైనల్ ఎగ్జిట్‌లో మనీలా వెళ్ళిపోతున్నాడు.
గోడవారన రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె, మడత కుర్చీ,
అన్నిటి మీదా ధర చీటీలు.
గిటారు నుదుట నలభై.
దాన్ని రెండు చేతుల మీదా తెచ్చి
మంచం మీద పడుకోబెట్టాడు.

ఫోన్లో చూసి నేర్చుకున్నట్టే
ఒక కన్ను మూసి మెడ వెంబడి చూపు సారించాను.
వంగలేదు.
నాబ్ తిప్పితే గరగర. ఇసుక.
ఈ దేశంలో ఇసుక దూరని సందు నేనింకా విప్పలేదు.
రెండో ఫ్రెట్టు, మూడో ఫ్రెట్టు గాళ్ళు పడ్డాయి,
తొమ్మిదో దాని తర్వాత గీతైనా లేదు.
పదకొండేళ్ళూ ఈ కిందిగదుల్లోనే తిరిగాడన్నమాట
రోజూ డ్యూటీ దిగొచ్చి.

"ముప్ఫైకి ఇస్తావా?"
అన్నాక, ఈ గొంతు ఎక్కడో విన్నాననిపించింది.

ఫహాహీల్‌లో ఒక ఆఫీసు. మా మొదటి కంపెనీ మూతపడ్డ ఏడు.
రిలీజు కాగితం పట్టుకుని నిలబడ్డాను.
కొత్త మేనేజరు చేతులు చాపమన్నాడు,
బోర్లించమన్నాడు, తిప్పమన్నాడు.
ఎన్నేళ్ళు చేశావు, నడుం నొప్పుందా,
ఏ ఎండకైనా ఎక్కగలవా టెర్రసు?
అన్నీ విని పదిహేను దినార్లు తగ్గించి రాశాడు.
వాడినది అంటే తెలుగులో రెండర్థాలు.
ఆ వేళ నేను ఏ అర్థంలో నిలబడ్డానో
అతను అడగలేదు, నేను చెప్పలేదు.

నలభై ఇచ్చేశానని రాస్తే బాగుండేది.
ముప్ఫై అయిదు ఇచ్చాను.
మిగిలిన అయిదూ కొత్త తీగలకి.
రోడెల్ నోట్లు లెక్కపెట్టుకోలేదు.
సంచీ జిప్పు లాగబోయి, ఆగి,
పాత తీగల మీద ఒక్కసారి అరచెయ్యి పెట్టాడు,
జ్వరం ఉందేమో చూసినట్టు.

రాత్రి రెండున్నర. దవడ ఆనించి కూర్చున్నాను.
వేళ్ళు వాటంతటవే అతని గాళ్ళలోకి జారుతున్నాయి.
నేను వెతుకుతున్న స్వరం పైన ఎక్కడో ఉంది,
ఎవరూ తొక్కని చోట.
అక్కడికి వెళ్తే వేలు నొప్పి పుడుతోంది.

పక్క మంచం మీద దుప్పటి కదిలింది.
"పాతదేనా?"
"పాతదే."
"ఎంత?"
"ముప్ఫై అయిదు."
"ఎక్కువ పెట్టినావ్" అని
ఓబులేసు అటు తిరిగి పడుకున్నాడు.