తొలిప్రతి

గుర్రం నురగలు కక్కుతూ వచ్చింది.
తపాలా మనిషి జీను సంచిలోంచి తీసిన కాగితం
ఇంకా ఫిలడెల్ఫియా చెమట వాసనే వేస్తోంది.
"పొద్దున్నకల్లా మూడొందల ప్రతులు" అంది టాబిథా పెర్లీ.
మొగుడు పోయాక సస్క్వెహానా ఒడ్డున ఈ అచ్చుకూటానికి ఆవిడే యజమాని,
మా తప్పులు పట్టే కళ్లజోడూ ఆవిడే.

నేను జెడిడయా. అక్షరాలు పేర్చేవాణ్ణి.
ఏ మాటైనా నాకు ముందు తలకిందులుగానే పరిచయం.
ఆ రాత్రి మొదటి మాటకి
గూట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద అచ్చు తీశాను.
నేను పని నేర్చుకునే రోజుల్లో ఆ సైజు
రాజుగారి ఆజ్ఞలకే.
ఇప్పుడు దాంతో పేర్చింది "మేము".
మేమంటే ఎవరెవరో కింద రాసి లేదు.

పేరుస్తూ పోతుంటే తెలిసొచ్చింది,
దీన్ని రాసినవాళ్లు మనిషిని నమ్మని మనుషులు.
డబ్బు సంచి ఒక గదిలో పెట్టారు,
కత్తి ఇంకొకడి నడుముకి కట్టి
యుద్ధం అన్న మాట మాత్రం వాడి నోటికి అందకుండా
ఆ డబ్బు గదిలోనే దాచారు.
త్రాసు పట్టిన ముసలాళ్లకి
డబ్బూ లేదు, కత్తీ లేదు,
బుద్ధిగా ఉన్నన్నాళ్లూ కుర్చీ ఉంది.
అధ్యక్షుడికి నాలుగేళ్లు.
ఎక్కించిన నిచ్చెన పక్కనే
దింపే నిచ్చెన కూడా వేసి ఉంచారు.

నవ్వొచ్చింది. మా కొట్టూ ఇంతే కదా.
నేను పేర్చనిదే క్వామినో సిరా పూయలేడు,
అతను మర లాగనిదే నా పేర్పు ఉత్త సీసం ముద్ద,
టాబిథా ఊఁ అననిదే ఏ కాగితమూ గుమ్మం దాటదు.
మరి టాబిథా తప్పు ఎవరు పట్టాలి?

తెల్లారుజామున తొలిప్రతి తీగ మీద ఆరేశాం.
క్వామినోకి చదువు రాదు, లెక్కలొచ్చు:
తన్ను తాను కొనుక్కోవడానికి పదకొండేళ్లు
పైసా పైసా కూడబెట్టిన లెక్కలు.
"ఇందులో నేనెక్కడున్నానో చదువు" అన్నాడు.
"నువ్వు విడుదలైనవాడివి. నిండుగా ఒకడివి" అన్నాను.
"మా అమ్మ మేరీలాండ్‌లో ఉంది."
నేను తలొంచుకుని చదివాను:
మిగతా మనుషులు, ఐదింట మూడు వంతులు.
అతను చెయ్యి చాపి రెండు వేళ్లు ముడిచి
మిగిలిన మూడింటినీ చాలాసేపు చూశాడు.

బానిస అన్న మాట కోసం రాత్రంతా
ఒక్కసారీ నా చెయ్యి గూట్లోకి పోలేదు.
పరువు గలవాళ్లు జైల్లో ఉన్న చుట్టం పేరు ఎత్తనట్టు
దాన్ని ఎత్తకుండానే కానిచ్చేశారు.

పొద్దున యోస్ట్ వెండ్లర్ రెండు క్యాబేజీలిచ్చి
ఒక ప్రతి కొని, నా చేత చదివించుకున్నాడు.
"నా ఇంట్లో సిపాయి పడుకోకూడదని ఎక్కడుంది?
నా ప్రార్థన నాదేనని? నీ అచ్చుమర నీదేనని?"
వెతికాను. లేదు.
"తొమ్మిది రాష్ట్రాలు ఊఁ అంటే చాలట" అన్నాను.
ఒక క్యాబేజీ వెనక్కి తీసుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం చట్రం విప్పి
అక్షరాలన్నీ ఎక్కడివక్కడ గూళ్లలో వేశాను.
సీసానికి జ్ఞాపకం ఉండదు.
సాయంత్రం వచ్చిన ప్రకటనకీ అవే తీశాను:
పారిపోయింది. పంతొమ్మిదేళ్లు.
ఎడమ కనుబొమ్మ మీద మచ్చ.
పట్టిచ్చినవారికి ఎనిమిది డాలర్లు.

క్వామినో చట్రం దగ్గర నిలబడి
"సిరా అయిపోయింది" అన్నాడు.
డబ్బా నిండా ఉంది.
టాబిథా డబ్బాకేసి చూసింది, అతనికేసి చూసింది,
"అయిపోయిందంటే అయిపోయినట్టే" అని దీపం తగ్గించింది.

ఆ కాగితంలో నాకు నచ్చింది ఐదో అధికరణం.
దిద్దుకోవచ్చు అంటుంది, కష్టపడి.
తొలిప్రతిలో తప్పులుంటాయని
వాళ్లకీ తెలుసన్నమాట.
నాలుగేళ్లకి పది మాటలు కొత్తగా చేరాయి,
వాటినీ నేనే పేర్చాను.
యోస్ట్ క్యాబేజీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.
మూడు వేళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు చూపు ఆనదు.
ఆ తొలిప్రతి నా పెట్టెలోనే ఉంది.
అంచున, సిరాతో, మూడు వేళ్ల ముద్ర.
దాని చుట్టూ టాబిథా గీసిన ఎర్ర సున్నా,
పక్కన ఆవిడ చేతిరాత:
దిద్దాలి.