ఇరవై గళ్ళు

కంచరపాలెంలో టైర్ల కొట్టు మీద మేడ.
కింద పంక్చరు తొట్టిలో నీళ్ళు బుడబుడమంటుంటే
పైన మేం పద్నాలుగు మందిమి
తెర మీద ఎర్రగీత ఎందుకొచ్చిందో వెతుక్కునేవాళ్ళం.
గూడ్సు బండి పోతున్నంతసేపూ
కూర్మారావు సారు పాఠం ఆపి
పెట్టెలు లెక్కపెట్టమనేవారు.
"సున్నా నుంచి" అనేవారు.
మొదటి వారమంతా అందరికీ ఒక పెట్టె తక్కువొచ్చింది.

ఇంటర్ పాసయ్యాను, మార్కులు అడక్కండి.
ఇంజనీరింగుకి డబ్బుల్లేవని
అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.
గోడ మీద కాగితం ముందు చూసింది నూకరత్నం:
ఆరు నెలలు శిక్షణ, మూడు నెలలు కంపెనీలో పని,
మధ్యాహ్నం భోజనం వాళ్ళదే.
ఆ చివరి ముక్కకే ఇద్దరం చేరాం.

అమ్మ హార్బరు పక్క షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది.
ఐసునీళ్ళలో నాని నాని
వేలిముద్ర మిషను ఆవిణ్ణి గుర్తుపట్టదు.
"మల్లీ ఎట్టమంతాది" అని నవ్వుతుంది.
ఒక రాత్రి నా కీబోర్డు ముట్టుకుని అడిగింది:
"దీని మీద ఏటి ఒలుస్తారే?"

ఆర్నెల్లయ్యాక నన్ను రుషికొండ ఆఫీసుకి వేశారు.
తొమ్మిది వందల కె బస్సు, కిటికీ నిండా సముద్రం,
మెడలో తాడు, తాడుకి నా ఫొటో.
పదిహేను రోజులు ఎవరూ ఏ పనీ చెప్పలేదు.
కాఫీ మిషనులో ఏ మీట నొక్కాలో తెలీక
వేడినీళ్ళు తాగి వచ్చేదాన్ని.

పదహారో రోజు మాన్విత మేడం ఓ పాత ఫిర్యాదు ఇచ్చారు.
కాంట్రాక్టు కూలీల జీతాల ప్రోగ్రాం,
ఎవరూ ముట్టుకోనిది.
"బ్యాంకు కొన్ని పేర్లు తిప్పి పంపుతోంది, చూడు."
జాబితా తెరిచాను.
నూట పన్నెండో వరస:
కోడా అప్పలనరసయ్య.

ఆ పేరుతో మా ఇంట్లో మగాళ్ళెవరూ లేరు.
ఇంగ్లీషు అక్షరాలు వేలితో లెక్కపెట్టాను,
ఒకటి నుంచే, సున్నా గుర్తురాలేదు.
ఇంటిపేరు నాలుగు, మధ్య ఖాళీకి ఒక గడి,
తక్కినవి పదిహేను.
పేరుకి ఇరవై గళ్ళు చాలనుకున్నారు ఎవరో, ఎప్పుడో.
అక్కడ కత్తి పడి
అప్పలనరసయ్యమ్మలో చివరి మూడక్షరాలు,
మన రాతలో ఒక్క మ్మ,
రాలిపోయింది.

పోయిన నెల అన్నం దగ్గర చెప్పింది,
"బేంకులోన నన్ను మగోడనీసినారే.
జీతం ఆలీసమైపోనాది."
నేను ఫోను చూసుకుంటూ ఊఁ అన్నాను.

రెండు చెరిపి ఆరు వేశాను.
పక్కన సున్నాని అలాగే ఉంచాను.
"అరవై ఎందుకు?" అన్నారు మేడం.
"మా వైపు పేర్లు పొడుగు మేడం,
ఇద్దరు దేవుళ్ళని కలిపి పెట్టేస్తారు."
అంతకంటే చెప్పలేదు.
రెండుసార్లు తిప్పి పంపారు, పరీక్షలు సరిగ్గా రాయలేదని.
శుక్రవారం ఎక్కింది.

జీతం చీటీ మడత విప్పి దీపం కింద పెట్టింది.
రొయ్యల వాసన.
"సదువు."
చివరిదాకా చదివాను.
"అంతేనా?"
"అంతే."
"ముందు కూడా ఇలాగే ఉండేదేటి?"
చెప్పబోయి, కూర మాడుతోందన్నాను.

ఆ జాబితాలో ఇంకా నలభై మంది ఉన్నారు.
ఏ కౌంటర్ల ముందు ఎన్ని శనివారాలు నిలబడ్డారో.

నాకు ఉద్యోగం ఇస్తారో లేదో
ముప్పయ్యో తారీఖున చెబుతారట.
నూకరత్నానికి ఇవ్వలేదు; టైర్ల కొట్టు మేడ మీద
కొత్త పిల్లలకి పెట్టెలు లెక్కపెట్టడం నేర్పుతోంది.
నేను బస్సులో వస్తూ
కొట్ల బోర్డుల మీద పేర్లు చదువుతుంటాను,
ఇరవయ్యో అక్షరం దగ్గర
ఎవరు ఎవరవుతారో చూసుకుంటూ.