ఆమడన్నర దూరంలో ఒక అచ్చు

సండర్లాండ్‌కీ న్యూకాజిల్‌కీ మధ్య
పన్నెండు మైళ్ళు.
మన పాత లెక్కలో ఆమడన్నర.
ఆమడకో యాస అంటారు గనక
వాళ్ళ తగువు న్యాయమైనదే.

"పద పద, కానీ" అనడానికి
వియర్ ఒడ్డున హావే అంటారు.
టైన్ ఒడ్డున హౌవే.
అంతే.
హకారం నెత్తిన దీర్ఘమా, ఔత్వమా అని
తాతల కాలం నుంచీ
బీరు గ్లాసులు బల్లలకేసి కొడుతున్నారు.

చొక్కాలు కూడా అంతే.
ఇద్దరివీ నిలువు చారలే, తెలుపు ఇద్దరిదీ.
పక్కన నలుపా ఎరుపా అన్నదానికే
అన్నదమ్ములు క్రిస్మస్ భోజనం మానేశారు.

ఓడలు కట్టిన ఊరు సండర్లాండ్.
మేక్ అనాల్సిన చోట మాక్ అంటారని
అవతలివాళ్ళు తగిలించిన పేరు మాకెమ్.
ఆ వెక్కిరింతనే కండువాలా చుట్టుకుని తిరుగుతారు.
నా చెవికది "మాకేం!" అని వినబడుతుంది.
అదీ తప్పేమీ కాదు.

న్యూకాజిల్ రేమండ్ హెస్లప్ కూతురు కర్స్టీ
సండర్లాండ్ లెన్నీ వార్డిల్ కొడుకు డీన్‌ని ప్రేమించింది.
వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు.
ఒక్క ఖర్చుతో రెండూ కుదిరాయి.

కేకు మీద ఆ మాటే రాయమన్నారు పిల్లలు.
ఏ అక్షరంతోనో చెప్పలేదు,
చెప్పే ధైర్యం లేక.

మంగళవారం బేకరీ తలుపు తీయకముందే
లెన్నీ నిలబడి ఉన్నాడు, పొగబెట్టిన చేపల పొట్లంతో.
"ఏ పెట్టు తల్లీ.
ఓ పెట్టావంటే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."
మధ్యాహ్నం రేమండ్, చంకలో రెండు సీసాలు.
"ఓ పెట్టకపోతే
నేనే వెళ్ళి ఏ సమాధిలోనో పడుకుంటా."

విన్నీ స్టాబర్ట్ డరమ్ మనిషి.
రెండు ఊళ్ళనీ సమానంగా ఈసడిస్తుంది.
చేపలు వేయించుకుంది, సీసాలు ఖాళీ చేసింది,
ఆ అక్షరం చోట
కాడతో సహా ఒక చెర్రీ పండు పెట్టింది.

"గుండ్రంగా ఉంది, ఓ" అన్నాడు రేమండ్.
"పక్కన కాడ కనబడలేదా, చిన్న ఏ" అన్నాడు లెన్నీ.
బల్ల చుట్టూ జనం రెండుగా చీలేలోపు
ఆరేళ్ళ పిల్లాడొకడు
అచ్చును నోట్లో వేసుకుని
గింజ ఊశాడు.

వాన.
విందయ్యేసరికి బస్సు సగం చక్రం దాకా దిగబడింది.
బురదను మాత్రం రెండు ఊళ్ళూ క్లార్టీ అనే అంటాయి.
డ్రైవరు తాళాలు పడేసుకున్నాడు,
లెన్నీ చెల్లెలు గడ్డిలోంచి తీసి
"వీజ్ కీజ్ ఆర్ దీజ్ కీజ్?" అని అరిచింది.
హెస్లప్‌లందరూ పొట్టలు పట్టుకున్నారు.
ఆ వాక్యం వాళ్ళు జన్మలో ఒక్కసారైనా
అసలు నోటి నుంచి వినాలని మొక్కుకున్నారట.

తర్వాత అందరూ వెనక చేరారు.
పెళ్ళికూతురు తెల్లగౌను మోకాళ్ళ దాకా ఎత్తి కట్టింది.
ఎడమవైపు హా! కుడివైపు హౌ!
బస్సుకు అచ్చులు తెలియవు.
కదిలింది.

సరిగ్గా అప్పుడు,
ఎడమవైపు నుంచి, లెన్నీ నోట,
స్పష్టంగా, గట్టిగా
"హౌ!"

మూడేళ్ళయింది.
కాలి మీద చక్రం ఎక్కిందనీ
అది అరుపేగానీ మాట కాదనీ
లెన్నీ ఇప్పటికీ ఒట్టేస్తున్నాడు.
కావాలంటే చూడమని
పబ్బులో బూటు విప్పి బొటనవేలు చూపిస్తాడు.

రేమండ్ కళ్ళజోడు సర్దుకుని,
వంగి, తీరిగ్గా చూస్తాడు.
తెల్లటి వేలి మీద నల్లబడ్డ గోరు.
"చొక్కా మార్చినవాడివి
ముందే చెప్పొచ్చుగా బావా" అంటాడు.